మాటొకరిది, పేరొకరిది



గాంధీగారు 1948 జనవరి 30న కన్నుమూశారు. అయినా ఆయన కొత్త మాటలు చెబుతూనే ఉన్నారు. ఎన్నికల సభల్లో, చట్టసభల్లో, కూడళ్లలో కట్టే ఫ్లెక్సీల మీద, తెల్లారగానే ఫోన్‌లోకి వచ్చి పడే శుభోదయం బొమ్మల మీద ఆయన మాట్లాడని రోజంటూ లేదు. ఆయన రాసినవీ మాట్లాడినవీ పోగుచేసి భారత ప్రభుత్వం 100 సంపుటాలుగా అచ్చువేసింది. మన నాయకుల నోట తరచుగా వినబడే గాంధీ వాక్యాల్లో కొన్ని ఆ 100 సంపుటాలూ గాలించినా దొరకవు. అంత రాసిన మనిషికి ఇంకా మనం రాసిపెట్టాలా అని నాకు ఎప్పుడూ అనుమానం.

ఉదాహరణకి, లోకంలో ఏ మార్పు రావాలని కోరుకుంటామో ఆ మార్పు ముందు మనమే కావాలని గాంధీజీ చెప్పారంటారు. పాఠశాల వార్షికోత్సవం నుంచి పార్లమెంటు దాకా ఈ మాట చెప్పని వక్త ఉండడు. గాంధీగారు దీనికి దగ్గరగా ఒకటి రాసిన మాట నిజమే. 1913లో దక్షిణాఫ్రికాలో తాను నడిపే ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికలో ఆరోగ్యం గురించి వరసగా వ్యాసాలు రాశారు. అందులో పాముకాటు గురించి చెబుతూ, మనిషి తన స్వభావాన్ని మార్చుకుంటే లోకం అతన్ని చూసే చూపు కూడా మారుతుందన్న అర్థంలో కొన్ని వాక్యాలు రాశారు. మనం వినే వాక్యం అది కాదు. మనం వినేదాన్ని 1970లలో రాసింది ఆర్లీన్ లోరాన్స్ అనే ఆవిడ. న్యూయార్క్ నగరంలో బ్రూక్లిన్‌లో హైస్కూలు టీచరు. తన బడిలో చేసిన ఒక ప్రయత్నం గురించి రాసిన వ్యాసంలో ఆ మాట ఉంది. అది 1974లో అచ్చయింది. టీచరమ్మ పేరు ఎవరికీ తెలియదు, మాట మాత్రం ప్రపంచం చుట్టి వచ్చింది. దారిలో ఎక్కడో గాంధీగారి పేరు తగిలించుకుంది.

ఇందులో కొంప మునిగిందేముంది, మాట మంచిదే కదా అని మీరు అనవచ్చు. మునిగింది. గాంధీగారు తాను మారడంతో ఊరుకున్న మనిషి కాదు. ఉప్పు పన్ను తప్పని తోచినప్పుడు ఇంట్లో కూర్చుని ఉప్పు మానెయ్యలేదు, 1930లో దండి దాకా నడిచి వెళ్లి చట్టాన్ని ఉల్లంఘించారు. జనాన్ని కూడగట్టడం, జైలుకు వెళ్లడం, దొరలతో బేరమాడడం, ఇవన్నీ ఆయన రాజకీయం. గోడమీది వాక్యంలో ఆ రాజకీయం లేదు. ముందు మీరు మారండి, ఆ తర్వాత అడగండి అనడానికి మాత్రం అది భేషుగ్గా పనికొస్తుంది. రోడ్డు మీద గుంతల గురించి అడిగిన ఓటరుకు ఈ కొటేషన్ వినిపిస్తే ఇక అడగడానికి ఏం మిగులుతుంది? నాయకులకు ఈ వాక్యం మీద ఎందుకంత మక్కువో అక్కడ తెలిసిపోతుంది.

ఇంకొకటి చూడండి. మొదట నిన్ను పట్టించుకోరు, తర్వాత నవ్వుతారు, తర్వాత నీతో పోరాడతారు, చివరికి నువ్వే గెలుస్తావు అన్న అర్థం వచ్చే మాట. 2016 ఫిబ్రవరి 29న అమెరికా అధ్యక్ష పదవికి అభ్యర్థిత్వం కోసం పోటీలో ఉన్న డొనాల్డ్ ట్రంప్, గాంధీ అన్నారంటూ దీన్ని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. గాంధీ సాహిత్యంలో ఈ మాట లేదు. దీనికి బాగా దగ్గరగా ఉన్నది 1918లో బాల్టిమోర్‌లో జరిగిన ఒక కార్మిక మహాసభలో దొరికింది. బట్టలు కుట్టే కార్మికుల సంఘం సభ అది. అక్కడ నికొలస్ క్లైన్ అనే ఆయన మాట్లాడుతూ, ముందు పట్టించుకోరు, తర్వాత ఎగతాళి చేస్తారు, తర్వాత మీద పడతారు, తగలబెట్టాలనుకుంటారు, ఆ తర్వాత మీకు విగ్రహాలు కడతారు అన్న ధోరణిలో చెప్పాడు. కుట్టుపని కార్మికుల సభలో పుట్టిన మాట కోటీశ్వరుడైన స్థిరాస్తి వ్యాపారి ప్రచారానికి పనికొచ్చిందన్నమాట. అదీ గాంధీగారి చేతుల మీదుగా.

గాంధీగారికి ఇలాంటి ఆలోచన అసలు లేదా అంటే, ఉంది. 1921లో ఆయన రాసినదాని ప్రకారం మంచి ఉద్యమం ఏదైనా ఐదు దశలు దాటుతుంది: ఉపేక్ష, ఎగతాళి, దూషణ, అణచివేత, చివరిది గౌరవం. చివరి మెట్టు గమనించండి. గెలుపని ఆయన అనలేదు. అణచివేతను తట్టుకుని నిలబడితే ఎదుటివాడి మనసులో గౌరవం పుడుతుందని ఆయన లెక్క. ఎన్నికల్లో నిలబడినవాడికి గౌరవంతో ఏం పని? గెలుపు కావాలి. అందుకే అసలు గాంధీ పుస్తకంలో ఉండిపోయాడు, గెలుపు గాంధీ మైకు ముందుకొచ్చాడు.

ఇవన్నీ జ్ఞాపకం తప్పడం వల్ల జరిగే పొరపాట్లని చాలామంది అనుకుంటారు. కొన్ని నిజంగానే అంతే. కానీ పొరపాటైతే అటూ ఇటూ రెండు వైపులా జరగాలి కదా. గాంధీ మాటను ఎవరూ బ్రూక్లిన్ టీచరుకు అంటగట్టలేదు. పేరు లేనివాళ్ల మాట పేరున్నవాళ్ల ఖాతాలోకి పోతుంది తప్ప ఎప్పుడూ వెనక్కి రాదు. సొమ్మొకడిది సోకొకడిది అని మనవాళ్లు ఊరికే అన్నారా? అప్పు పుట్టాలంటే పరపతి ఉన్నవాడి చేత జామీను సంతకం పెట్టించుకున్నట్టు, నాయకుడు తన మాట చెల్లడానికి మహనీయుడి పేరు పెట్టుకుంటాడు. ఆయనకు కావలసింది ఆ సంతకం. కాగితం మీద ఏం రాసుందో ఎవరికీ పట్టదు.

మన బ్యాంకుల్లో, పోస్టాఫీసుల్లో చాలాకాలంగా వేలాడుతున్న ఒక బోర్డు మీకు గుర్తుండే ఉంటుంది. మన దగ్గరికి వచ్చేవాళ్లలో ఖాతాదారుడే ముఖ్యమైన అతిథి అనీ, అతను మన మీద ఆధారపడలేదు, మనమే అతని మీద ఆధారపడ్డామనీ, కింద మహాత్మాగాంధీ అనీ ఉంటుంది. కొన్నిచోట్ల 1890లో దక్షిణాఫ్రికాలో చేసిన ప్రసంగమని కూడా రాస్తారు. 1890లో గాంధీగారు లండన్‌లో న్యాయశాస్త్ర విద్యార్థి. దక్షిణాఫ్రికాకు వెళ్లింది 1893లో. ఈ సూక్తి 1940ల నాటి అమెరికా వ్యాపార పత్రికల్లో కనిపిస్తుంది. అక్కడ ఆ మాట కెన్నెత్ ఎలియట్ అనే ఆయనదని ఉంది. ఆయన స్టూడ్‌బేకర్ అనే కార్ల కంపెనీలో అమ్మకాలు చూసే పెద్ద ఉద్యోగి. అంటే కార్లమ్ముకునే పెద్దమనిషి తన సిబ్బందికి చెప్పుకున్న మాట కింద మనం బాపూజీ బొమ్మ పెట్టుకున్నాం. అదే గదిలో ఖాతాదారుడు ఎంతసేపు వరసలో నిలబడ్డాడన్నది మీకే తెలుసు.

అమెరికావాళ్లు గాంధీని ఒక్కరినే వాడుకున్నారనుకోకండి, తమ పెద్దల్నీ అలాగే వాడుకుంటారు. 2010లో అధ్యక్షుడు ఒబామా తన కార్యాలయానికి కొత్త తివాచీ నేయించారు. దాని అంచు మీద ఐదుగురు మహనీయుల మాటలు నేశారు. మార్టిన్ లూథర్ కింగ్ పేరు మీద నేసిన మాటకు అర్థం ఇది: నైతిక విశ్వపు వంపు పొడవైనది, అయినా అది న్యాయం వైపే వంగుతుంది. ఈ ఆలోచన థియొడోర్ పార్కర్‌ది. మసాచుసెట్స్‌కు చెందిన మతబోధకుడు, బానిసత్వాన్ని ఎదిరించినవాడు. 1850లలోనే తన ఉపన్యాసంలో ఈ మాట చెప్పాడు. కింగ్ 1958లో దీన్ని రాసినప్పుడు ఉటంకింపు గుర్తుల మధ్య పెట్టారు. అంటే ఆయన నిజాయితీగానే ఉన్నారు. ఆ గుర్తులు తివాచీ మీదికి ఎక్కలేదు. ఇంకో చిత్రం ఏమిటంటే, అదే తివాచీ మీద లింకన్ మాట కూడా ఉంది, ప్రజల చేత, ప్రజల కొరకు అని సాగే ప్రభుత్వ నిర్వచనం. అలాంటి నిర్వచనం కూడా లింకన్ కన్నా ముందే పార్కర్ ఉపన్యాసాల్లో ఉంది. ఒక్క తివాచీ మీద రెండు చోట్ల తన ఆలోచన ఉండి కూడా ఒక్క చోటా పేరు లేని మనిషి పార్కర్.

రీగన్‌గారి సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. 1992 ఆగస్టులో హ్యూస్టన్‌లో రిపబ్లికన్ పార్టీ మహాసభ జరిగింది. మాజీ అధ్యక్షుడి హోదాలో మాట్లాడుతూ ఆయన లింకన్ మాటలంటూ కొన్ని చెప్పారు. బలవంతుణ్ని బలహీనపరచి బలహీనుణ్ని బలపరచలేవు, కూలి ఇచ్చేవాణ్ని కూల్చి కూలివాణ్ని పైకి తేలేవు, ఇలా సాగుతాయవి. లింకన్ ఎప్పుడూ అనలేదు. విలియం బోట్కర్ అనే పాస్టర్ 1916లో ఒక చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. మరి లింకన్ ఎలా వచ్చాడు? 1942లో ఒక రాజకీయ సంస్థ ఒక కరపత్రం పంచింది. ఒక వైపు లింకన్ నిజంగా రాసిన మాట, రెండో వైపు బోట్కర్ సూక్తులు. తర్వాతి ముద్రణల్లో బోట్కర్ పేరు రాలిపోయింది, కాగితానికి రెండు వైపులా లింకనే మిగిలాడు. ఆ కరపత్రం చేతులు మారి, చేతులు మారి, యాభై ఏళ్లకు ఒక మాజీ అధ్యక్షుడి ప్రసంగంలో తేలింది. సంపన్నుల పన్నుల గురించి వాదించేటప్పుడు బోట్కర్ పాస్టర్ అన్నాడంటే ఎవరు వింటారు? బానిసల సంకెళ్లు తెంచిన లింకన్ అన్నాడంటే చప్పట్లు పడతాయి.

కెనెడీ కూడా ఈ బాపతే. మంచివాళ్లు చేతులు కట్టుకు కూర్చుంటే చెడు గెలుస్తుందన్న మాటను 1961లో కెనడా పార్లమెంటులో ఎడ్మండ్ బర్క్ పేరు మీద చెప్పారు. బర్క్ రచనల్లో అది లేదు. ఆ అర్థంలో జాన్ స్టూవర్ట్ మిల్ 1867లో ఒక విశ్వవిద్యాలయ ప్రసంగంలో అన్నాడు. ఎదుటివాడి అభిప్రాయం నచ్చకపోయినా అది చెప్పే హక్కు కోసం ప్రాణమిస్తానన్న వోల్టేర్ మాట మన శాసనసభల్లో ఎన్నిసార్లు మోగిందో చెప్పలేం. దాన్ని రాసింది ఈవెలిన్ బియట్రిస్ హాల్ అనే ఇంగ్లిషు రచయిత్రి, 1906లో, వోల్టేర్ మిత్రుల గురించిన పుస్తకంలో, ఆయన వైఖరిని తన మాటల్లో చెబుతూ. ఆవిడ ఆ పుస్తకాన్ని మగపేరులా వినబడే కలంపేరుతో అచ్చువేసుకుంది. ముందు సొంత పేరు పోయింది, ఆ తర్వాత మాట కూడా పోయింది.

ఇక మన దేశానికి వద్దాం. ఇంతదాకా చెప్పినవాటిలో ఎవరికీ పెద్దగా నష్టం లేదు, ఘనతే చోటు మారింది. మన దగ్గర ఇంకో రకం ఉంది, అది ఇంత అమాయకమైనది కాదు. నెహ్రూ తాను చదువులో ఇంగ్లిషువాణ్నని, సంస్కృతిలో ముస్లింనని, ప్రమాదవశాత్తు పుట్టిన హిందువునని తన ఆత్మకథలో రాసుకున్నారని ఏళ్ల తరబడి ప్రచారం. 1936లో వచ్చిన ఆ ఆత్మకథలో ఆ వాక్యం లేదు. నెహ్రూ గురించి ఆ మాట అన్నది ఎన్.బి. ఖరే. ఆయన ఒకప్పుడు మధ్యపరగణాల ప్రధానమంత్రి, తర్వాత హిందూ మహాసభ అధ్యక్షుడు, నెహ్రూకు బద్ధ విరోధి. 1959లో రఫీక్ జకారియా సంపాదకత్వంలో నెహ్రూ మీద వచ్చిన వ్యాస సంకలనంలో ఖరే విమర్శ అచ్చయింది. విరోధి చేసిన నిందను తీసుకొచ్చి ఆ మనిషి ఒప్పుకోలుగా మార్చేశారు. ఘనతను పొరపాటున ఇవ్వడం వేరు, నేరాన్ని తెచ్చి మనిషి నోట్లో పెట్టడం వేరు. రెండోదాన్ని పొరపాటనడానికి నాకు నోరు రాదు.

మెకాలే పేరుతో చెలామణీ అయ్యేది మరో తమాషా. 1835 ఫిబ్రవరి 2న బ్రిటిష్ పార్లమెంటులో మెకాలే మాట్లాడుతూ, తాను భారతదేశం నలుమూలలా తిరిగానని, ఒక్క బిచ్చగాణ్నీ ఒక్క దొంగనీ చూడలేదని, ఈ దేశం వెన్ను విరవాలంటే దీని విద్యను మార్చాలని అన్నాడట. పార్టీల తేడా లేకుండా నాయకులు దీన్ని వాడారు. ఆ తేదీన మెకాలే కలకత్తాలో ఉన్నాడు. అంతకుముందు ఏడాది జూన్‌లో మద్రాసులో ఓడ దిగి, ఊటీలో గవర్నర్ జనరల్ బెంటింక్‌ను కలిసి, అక్కణ్నుంచి కలకత్తా చేరాడు. దేశం నలుమూలలా తిరిగే తీరిక ఎక్కడిది? ఆ తేదీన ఆయన రాసింది విద్య మీద తన అభిప్రాయ పత్రం. అందులో మన గ్రంథాలన్నీ కలిపినా మంచి యూరప్ గ్రంథాలయంలో ఒక్క అర పుస్తకాలకు సాటి రావన్నంత తృణీకారం ఉంది. ఆ అసలు పత్రమే చదివి వినిపిస్తే జనానికి కోపం రాదా? వస్తుంది. కానీ దొంగ ప్రసంగంలో కోపంతోపాటు పొగడ్త కూడా ఉంది. శత్రువు నోటితో మనల్ని మనం మెచ్చుకోవచ్చు. అందుకే అసలుది పుస్తకాల్లో పడి ఉంది, నకిలీది వేదికలెక్కింది.

చర్చిల్ విషయంలో ఇది మరీ స్పష్టంగా కనబడుతుంది. స్వాతంత్ర్యం ఇస్తే అధికారం దుర్మార్గుల, దోపిడీగాళ్ల చేతుల్లోకి పోతుందని, గాలికీ నీళ్లకూ పన్ను కట్టాల్సి వస్తుందని ఆయన జోస్యం చెప్పినట్టు మన ప్రతిపక్షాలు, ఏ కాలంలో ఎవరు ప్రతిపక్షమైతే వాళ్లు, చెబుతూ వచ్చాయి. ఫలానా సభలో, ఫలానా తేదీన అని నిలబడే ఆధారం ఎవరూ చూపలేదు. ఆధారం ఉన్న మాట ఇంకొకటుంది. 1947 మార్చి 6న కామన్స్ సభలో ఆయన భారత నాయకుల్ని గడ్డిబొమ్మలన్నాడు, కొన్నేళ్లలో వాళ్ల జాడ కూడా మిగలదన్నాడు. నెహ్రూ, పటేల్, ఆజాద్‌ల జాడ మిగలదట! ఈ జోస్యం పూర్తిగా తప్పింది. తప్పింది కాబట్టి ఎవరూ ఉటంకించరు. ఫలించిందనిపించే జోస్యాన్ని, అది అన్నాడో లేదో చూడకుండా, ప్రతి తరం ఉటంకిస్తుంది.

ఇప్పటివాళ్ల సంగతీ చెప్పాలి, లేకపోతే పక్షపాతం అంటారు. 2020 ఫిబ్రవరి 6న లోక్‌సభలో ప్రధాని నరేంద్ర మోదీ మాట్లాడుతూ, 370వ అధికరణం తీసేస్తే కశ్మీర్‌ను దేశం నుంచి విడదీసే భూకంపం వస్తుందని కశ్మీర్ నాయకుడు ఒమర్ అబ్దుల్లా అన్నారని చెప్పారు. ఆ వాక్యం 2014లో ఒక వ్యంగ్య వార్తల వెబ్‌సైట్ నవ్వుకోవడానికి రాసిన కల్పన. అప్పటికి ఒమర్ నెలల తరబడి నిర్బంధంలో ఉన్నారు, నేననలేదని చెప్పుకునే వీలు కూడా లేదు. అదే ఏడాది జూన్‌లో రాహుల్ గాంధీ లాక్‌డౌన్‌ను విమర్శిస్తూ, అజ్ఞానం కన్నా అహంకారం ప్రమాదకరమన్న మాటను ఐన్‌స్టీన్ పేరుతో ట్వీట్ చేశారు. ఐన్‌స్టీన్ రచనల్లో దానికి ఆధారం లేదు. రెండూ ఒక తక్కెడలో తూగవని నా అభిప్రాయం. ఒకటి చట్టసభలో, నిర్బంధంలో ఉన్న రాజకీయ ప్రత్యర్థి మీద వేసిన అభాండం. రెండోది చనిపోయిన శాస్త్రవేత్తకు పెట్టిన వాక్యం. అయినా ముందుగా చూసుకోవాల్సిన పని ఇద్దరికీ ఉంది.

సరిహద్దు దాటితే ఇమ్రాన్ ఖాన్. 2019 జూన్‌లో, ప్రధానిగా ఉండగా, జీవితమంటే సేవ అని అర్థమిచ్చే సూక్తిని ఖలీల్ జిబ్రాన్ పేరుతో పెట్టారు. అది మా టాగోర్‌ది అని మనవాళ్లంతా ఎగతాళి చేశారు. నవ్వినవాళ్లు ఒక్క అడుగు ముందుకు వేసి ఉంటే బాగుండేది. దాదాపు అదే నడకతో ఎలెన్ స్టర్గిస్ హూపర్ అనే అమెరికా కవయిత్రి కవిత 1840లో ‘ది డయల్’ పత్రికలో వచ్చింది. టాగోర్ పుట్టింది 1861లో. అంటే దిద్దినవాళ్లు కూడా ఒక పెద్ద పేరు తీసేసి ఇంకో పెద్ద పేరు పెట్టారు, అంతే.

తెలుగువాళ్లం మనం తక్కువ తిన్నామా? ఏటా ఆగస్టు 29న, గిడుగువారి జయంతి నాడు, తెలుగు భాషా దినోత్సవ సభల్లో రెండు మాటలు తప్పనిసరి. అమెరికాలో మన సంఘాల సభలకు అతిథులుగా వెళ్లే నాయకులు కూడా ఈ రెండింటినీ సూట్‌కేసులో పెట్టుకునే వెళ్తారు. ఒకటి, పదిహేనో శతాబ్దంలో విజయనగరానికి వచ్చిన వెనిస్ యాత్రికుడు నికొలో కోంటి మన భాషను తూర్పుదేశపు ఇటాలియన్ అన్నాడని. కోంటి చెప్పినదాన్ని పోజియో బ్రాచోలీని అనే పండితుడు లాటిన్‌లో రాశాడు. 1857లో అది ఇంగ్లిషులో వచ్చింది. అందులో విజయనగరం చుట్టుకొలత 60 మైళ్లని ఉంది, రాజుకు 12 వేలమంది భార్యలని ఉంది, సతి గురించి, పండుగల గురించి ఉంది. తెలుగు ఇటాలియన్‌లా ఉందన్న ముచ్చట లేదు. ఈ పోలిక పంతొమ్మిదో శతాబ్దంలో తెలుగు గురించి రాసిన ఇంగ్లిషువాళ్ల పుస్తకాల్లో కనబడేది. పాతకాలపు యాత్రికుడు అన్నాడంటే ఆ గొప్ప వేరు కాబట్టి నాలుగు వందల ఏళ్లు వెనక్కి జరిపారు.

రెండోది, దేశభాషల్లో తెలుగే మేలన్న శ్రీకృష్ణదేవరాయల మాట. ఇది ‘ఆముక్తమాల్యద’లో ఉంది, సందేహం లేదు. అయితే కావ్యంలో ఆ మాట అనేది రాయలవారు కాదు, శ్రీకాకుళంలో కలలో కనిపించిన ఆంధ్రమహావిష్ణువు. పైగా రాయల కన్నా ముందుదైన ‘క్రీడాభిరామం’లో కూడా అవే మాటలు ఉన్నాయి. ఆ కావ్యం వినుకొండ వల్లభరాయుడిదా, శ్రీనాథుడిదా అని పండితులు ఇంకా తేల్చుకోలేదు. చక్రవర్తి పేరు ముందు వల్లభరాయుడు నిలబడగలడా? సాహిత్యం చదువుకున్నవాళ్లకు ఇదంతా కొత్త కాదు. భాష పేరున జరిగే సభలోనైనా వల్లభరాయుడి పేరు ఒక్కసారి తలుచుకుంటే ఏం పోతుంది?

ఇక్కడ ఒక చిక్కుంది, దాన్ని దాటవేయకూడదు. మాటలకు పేర్లు తగిలించడం మనకు పాతకాలం నుంచీ ఉన్న అలవాటు. బ్రౌన్ దొర 1829లో 693 వేమన పద్యాలు అచ్చువేశాడు, 1839 నాటికి అవి 1164 అయ్యాయి, తర్వాతి సంకలనాల్లో వేలకు పెరిగాయి. మకుటం ఒక్కటి తగిలిస్తే ఎవరి పద్యమైనా వేమన పద్యమే. చాటువుల్లో కాళిదాసు, భవభూతి, దండి అందరూ భోజరాజు కొలువులో కూర్చుంటారు, వాళ్ల మధ్య శతాబ్దాల దూరం ఉన్నా సరే. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ ఈ చాటువుల మీద ఒక పుస్తకమే రాశారు. ఆ లోకంలో కవి పేరు ఒక పాత్ర. వినేవాళ్లకు ఆ సంగతి తెలుసు. సరదా కోసం, రసం కోసం ఆ కథలు పుట్టాయి. రచ్చబండ మీద చాటువు చెప్పే తాతగారు ఆ పద్యం చూపించి ఓటు అడగడు, బిల్లు పాస్ చేయించుకోడు. మంత్రిగారు అడుగుతారు. ఆ తేడా వల్లనే తాతగారిని వదిలేసి మంత్రిగారిని నిలదీస్తున్నాను.

శాస్త్రవాక్యాల సంగతి కూడా ఇంతే. ఓడిపోయిన అభ్యర్థి మర్నాడు విలేకరుల ముందు భగవద్గీత అంటూ చెప్పేది చాలావరకు గీతాసారం అనే గోడబొమ్మ మీది వచనం. ఏం పోగొట్టుకున్నావని ఏడుస్తున్నావు అనే ధోరణిలో సాగే ఆ మాటలు గీతలోని 700 శ్లోకాల్లో దేనికీ అనువాదం కాదు. జననీ జన్మభూమీ స్వర్గం కన్నా మిన్న అని రాముడు లక్ష్మణుడితో చెప్పే శ్లోకం వాల్మీకి రామాయణం ప్రామాణిక పరిష్కరణలో లేదు, కొన్ని ముద్రణల్లోనే ఉంది. అహింసే పరమధర్మం అన్న మహాభారత వాక్యానికి, ధర్మం కోసం హింస కూడా అంతేనని ఈ మధ్య ఒక తోక కలిపి మొత్తం వ్యాసుడిదే అంటున్నారు. ఆ తోక భారతంలో లేదు. ఇది మాత్రం పొరపాటు జాబితాలో వేయదగ్గది కాదు. అహింస అన్న మాటను దానితోనే చంపడానికి చేసిన కల్పన ఇది.

అన్నీ తప్పులే ఏకరువు పెట్టానని అనుకోవద్దు. 2025 ఫిబ్రవరి 1న బడ్జెట్ ప్రసంగంలో ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ గురజాడ మాటను గురజాడ పేరుతోనే, తెలుగులోనే చెప్పారు. 1991 జూలై 24న పి.వి. ప్రభుత్వంలో ఆర్థికమంత్రిగా మన్మోహన్ సింగ్ తన చరిత్రాత్మక బడ్జెట్ ప్రసంగాన్ని విక్టర్ హ్యూగో మాటతో ముగించారు, సమయం వచ్చిన ఆలోచనను ఏ శక్తీ ఆపలేదని. హ్యూగో 1877లో అచ్చయిన తన పుస్తకంలో రాసింది కొంచెం వేరు. సైన్యాల దండయాత్రను ఎదిరించవచ్చు, ఆలోచనల దండయాత్రను ఎదిరించలేం అన్నాడు. నోళ్లలో నానుతూ ఆకారం మారింది గానీ, భావం చెక్కుచెదరలేదు, మనిషి కూడా ఆయనే. దీనికి నేను మన్మోహన్‌గారిని తప్పుపట్టను.

మరి ఏం చేయాలి? లోక్‌సభ నియమావళిలో 368వ నియమం ఉంది. మంత్రి ఎవరైనా సభలో ఒక ప్రభుత్వ పత్రం నుంచి చదివితే, ఆ పత్రాన్ని సభ ముందు ఉంచాలి. ఒక శాఖ రాసిన ఉత్తరానికి ఇంత కట్టుదిట్టం. గాంధీ పేరుకో, అంబేద్కర్ పేరుకో ఏ కట్టుదిట్టమూ లేదు. అమెరికాలో చట్టసభ సభ్యులు ఈ మాట ఎవరిది, ఎక్కడిది అని తమ పరిశోధన విభాగాన్ని ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చారు. ఆ లైబ్రేరియన్లు వెతికి పెట్టుకున్న జవాబులన్నీ కలిపి 1989లో ఒక నిఘంటువుగా అచ్చువేశారు. లింకన్ అనని మాటలు అందులో బోట్కర్ పేరుతోనే ఉన్నాయి. రీగన్ ప్రసంగానికి మూడేళ్ల ముందే ఆ పుస్తకం బయటికి వచ్చింది. ఎవరూ తెరిచి చూడలేదు, అంతే.

మన శాసనసభలకు కూడా గ్రంథాలయాలు ఉన్నాయి. గాంధీ 100 సంపుటాలు, అంబేద్కర్ రచనలు, వివేకానందుడి సంపుటాలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితం. వెతకడానికి ఐదు నిమిషాలు చాలు. కాబట్టి నాయకులకు ప్రసంగాలు రాసిపెట్టే మిత్రులకు నా విన్నపం ఒక్కటే. కొటేషన్ పక్కన పుస్తకం పేరు, సంపుటం, పేజీ రాయండి. దొరకకపోతే పేరు కొట్టేసి మాట ఉంచండి, మంచి మాటైతే పేరు లేకుండానే నిలుస్తుంది. విలేకరులకు కూడా ఒక మాట. నాయకుడు ఏ మహనీయుణ్ని ఉటంకించినా, రాసుకునే ముందు ఎక్కడిదండీ అది అని అక్కడే అడగండి. ఇక శ్రోతలు, మీరు. ఎల్లుండి మీ ఊళ్లో సభ జరిగి, ఎవరైనా మైకు పట్టుకుని గాంధీగారు అన్నట్టు అని మొదలుపెడితే, సభ అయ్యాక దగ్గరికి వెళ్లి, ఏ పుస్తకంలో అన్నారండీ అని మర్యాదగా అడగండి.